తొమ్మిదో నంబరు

కెర్తు వౌహ్కొనెన్ సూది గుచ్చితే నొప్పి తెలియదని ఆ జిల్లాలో స్కీల మీద పోటీపడిన ఆడపిల్లలందరూ చెప్పుకునేవారు. వేలి కొన మీద ఉబికిన మొదటి చుక్కను ఆమె దూదితో తుడిచేసేది. అందులో చెమట కలుస్తుంది, లెక్క చెడుతుంది. రెండో చుక్కను సన్నటి గాజు గొట్టంలోకి పట్టేది. విశ్వవిద్యాలయం నేలమాళిగలో, కిటికీల్లేని క్రీడాశాస్త్ర ప్రయోగశాలలో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసింది. ఒక్కనాడూ మొదటి చుక్కతో సరిపెట్టలేదు.

తండ్రి నదిలో దుంగలు తేలవేసే కూలీ. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. కెర్తు స్కూలు ముగించి, ప్రయోగశాల సహాయకుల శిక్షణ ఒక ఏడాది పొంది, ఇరవై మూడేళ్ళకు ఆ నేలమాళిగలోకి దిగింది. ట్రెడ్‌మిల్ మీద పిల్లలు పరుగెత్తుతుంటే వాళ్ళ ముక్కుకీ నోటికీ మాస్కు బిగించడం, ఊపిరి కొలవడం, బరువు తూచడం, రక్తం తీయడం, నీలం అట్ట నోటుబుక్కుల్లో గుండ్రటి అక్షరాలతో రాసుకోవడం. ఆమె కొలిచిన అంకెలు పట్టుకుని పదకొండుమంది డాక్టరేటు పొంది డాక్టర్లయ్యారు. పై అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళారు. వాళ్ళ పరిశోధన పుస్తకాల ముందుమాటల్లో చిట్టచివర ఒక వాక్యం ఉండేది: 'ప్రయోగశాల సిబ్బందికి కూడా కృతజ్ఞతలు.' ఆ 'కూడా'లో ఉన్నది కెర్తు.

డాక్టరేటు సభ ముగిసిన సాయంత్రం కొత్త డాక్టరు విందు ఇవ్వాలి. దాన్ని కరోంక అంటారు. భోజనాల మధ్యలో డాక్టరు లేచి వరసగా కృతజ్ఞతలు చెబుతాడు. ఎవరి పేరు పెట్టి చెప్పాడో వాళ్ళు మాత్రమే, చెప్పిన వరసలోనే, లేచి బదులు మాట్లాడాలి. పేరు రానివాడు ఎంతటివాడైనా నోరు మూసుకుని చేప తినాల్సిందే. మరి 'సిబ్బంది' అన్న మాటకు లేచి నిలబడే మనిషి ఎవరు? పదకొండు కరోంకల్లో కెర్తు బల్ల చివర కూర్చుని చేప తింది. పదకొండోదానిలో ఆ కుర్ర డాక్టరు నవ్వుతూ, "మా నేలమాళిగ కిర్స్తి లేకపోతే నేను లేను" అన్నాడు. కిర్స్తి అక్కడ ఊడ్చే ఆవిడ పేరు.

మర్నాడే కెర్తు చదువుకు పేరు రాయించుకుంది. అప్పటికి నలభై దాటింది. పగలు మాస్కులు, సాయంత్రాలు క్లాసులు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, అడ్డం వచ్చేవాళ్ళూ లేరు, అన్నం పెట్టేవాళ్ళూ లేరు. పక్కన కూర్చున్న పిల్లలు ఆమెను టీచరనుకుని తలుపు తెరిచేవారు. తొమ్మిదేళ్ళకు పట్టాలు రెండూ చేతికొచ్చాయి. యాభై రెండేళ్ళ వయసులో డాక్టరేటు మొదలుపెట్టింది.

విషయం వెతుక్కోనక్కర్లేదు. అది ఆమె బీరువాలోనే ఉంది. ఎనభై అయిదు నుంచి ఎనభై ఎనిమిది దాకా జిల్లా ఆడపిల్లల స్కీ జట్టు, ఇరవై ముగ్గురు, ఏడాదికి నాలుగుసార్లు నేలమాళిగకు వచ్చి కొలిపించుకున్నారు. ఆ నోటుబుక్కులన్నీ భద్రంగా ఉన్నాయి. ఆ పిల్లలు ఇప్పుడు యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ ఆడవాళ్ళు. వాళ్ళ ఎముకలు ఇప్పుడెలా ఉన్నాయి? చిన్నప్పటి ఆ శిక్షణ మేలు చేసిందా, కీడు చేసిందా?

జట్టుకు కోచ్ అహ్తి లెమ్మెత్తి. అప్పుడు ముప్ఫై ఏళ్ళవాడు. నెమ్మదైన మాట, ఎవరినీ కోప్పడడని పేరు. కోప్పడే అవసరమేముంది, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పస్తులుంటుంటే! సోమవారం సోమవారం తూకం. కెర్తు అంకె చదివేది, అహ్తి దాన్ని బట్టలు మార్చుకునే గది గోడ మీద కాగితానికెక్కించేవాడు. సాయంత్రం ఆవిరి స్నానం, ఆ తరవాత నిప్పుల మీద కాల్చిన సాసేజీ. బరువు పెరిగిన పిల్లకు సాసేజీ లేదు. ఊరికే కూర్చోకుండా ఆ పిల్ల చేతికి ఆవముద్ద ట్యూబు ఇచ్చేవాడు, మిగతావాళ్ళకు వడ్డించమని. "ఎత్తు ఎక్కేటప్పుడు సాసేజీ మోసేది నువ్వే, నేను కాదు" అని నవ్వేవాడు. అందరూ నవ్వేవారు. కెర్తు కూడా.

ఆ జట్టు పతకాలు తెచ్చింది. అహ్తి ప్రొఫెసరయ్యాడు. కెర్తుకు మార్గదర్శి కూడా చివరికి అతడే అయ్యాడు. తను తోలిన గుర్రాల కాళ్ళు తనే పరీక్షిస్తానంటే వద్దనేవాళ్ళు ఆ భవనంలో ఎవరూ లేకపోయారు.

కెర్తు ఇరవై ముగ్గురినీ వెతికి పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళ తరవాత ఒక్కరు కూడా తప్పకుండా దొరకడం మామూలు విషయం కాదు. ఇంటిపేర్లు మారినవాళ్ళు, సరిహద్దు దాటి స్వీడన్‌లో స్థిరపడినవాళ్ళు, ఫోనెత్తనివాళ్ళు, అందరి గుమ్మాల్లోనూ పాత కారు ఆపింది. స్కానుకు తీసుకువెళ్ళింది. ప్రశ్నలన్నీ తనే కూర్చుని అడిగి రాసుకుంది.

నోటుబుక్కుల్లో తొమ్మిదో నంబరు సనెల్మ పీరొనెన్ స్కూలు వంటింట్లో పనిచేస్తుంది. గురువారాలు మూడు వందలమందికి బఠాణీ సూపు వండుతుంది. నలభై నాలుగేళ్ళకు పాల డబ్బా దగ్గర కాస్త కాలు జారితే తుంటి ఎముక విరిగింది. అప్పటినుంచి చేతికర్ర. కెర్తు గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే సనెల్మ కాఫీ పెట్టింది. యాలకుల బన్ను ముందుకు తోసి, "తిను. నేను తూకం వెయ్యనులే" అంది.

ఇద్దరూ నవ్వారు. తరవాత నవ్వలేదు. మూడు గంటలు రాసుకుంది కెర్తు. పదహారేళ్ళకు నెలసరి ఆగిపోవడం, మళ్ళీ నాలుగేళ్ళకు గాని రాకపోవడం, మడమలో పగులు, పక్కటెముకలో పగులు, పిల్లలు పుట్టకపోవడం. పాత నోటుబుక్కులో తన గుండ్రటి అక్షరాలతోనే 'నెలసరి లేదు' అని పదకొండుసార్లు రాసి ఉంది. రాసి, తరవాతి పిల్లను పిలిచింది.

"అప్పుడు నేను అడిగుండాల్సింది" అంది కెర్తు.

"అడిగితే ఏం చెప్పేదాన్ని? నెలసరి ఆగిందంటే గర్వంగా ఉండేది పిచ్చిదానికి నాకు, గట్టిగా శిక్షణ తీసుకుంటున్నానని." సనెల్మ కప్పు నింపింది. "ఇప్పుడైనా రాస్తావా ఇదంతా? సాసేజీ సంగతి, గోడ మీద కాగితం సంగతి?"

"రాస్తా."

"మా అమ్మ చనిపోయేదాకా నాకు మెతక ఎముకలు పుట్టుకతో వచ్చాయనే అనుకుంది. తన పాలల్లోనే లోపమని. అది కాదని అచ్చులో ఒక్కచోట చూస్తే చాలు నాకు."

"రాస్తానన్నాను కదా సనెల్మా."

అంకెలన్నీ బల్ల మీద పరిస్తే కథ రెండు ముక్కలుగా విడిపోయింది. పదహారుమంది ఎముకలు బాగున్నాయి, తోటి ఆడవాళ్ళకంటే గట్టిగా కూడా. ఏడుగురివి డెబ్బై అయిదేళ్ళ ముసలివాళ్ళ ఎముకలు. ఆ ఏడుగురే గోడ మీది కాగితంలో బరువు పెరిగారని ఎక్కువసార్లు ఆవముద్ద పట్టుకున్నవాళ్ళు.

అహ్తి ఆ పట్టిక చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ ఏడుగురూ గ్రాఫు గీతను పాడుచేస్తున్నారు కెర్తు."

"గీతనా? వాళ్ళ తుంట్లు ఎవరు పాడుచేశారో మరి."

"తుంటి ఎముక వంద కారణాలకు సన్నబడుతుంది. ఒకావిడ సిగరెట్లు కాలుస్తుంది. ఒకావిడకు థైరాయిడు. ఆ తొమ్మిదో ఆవిడ పాలు ముట్టుకునేది కాదని నువ్వే రాశావు."

"ఆవుల కొట్టం ఉన్న ఇంట్లో పుట్టింది. పాలు బరువని చెప్పింది ఎవరో గుర్తులేదా?"

అహ్తి కోప్పడలేదు. "ఏడుగురి సమాచారం అసంపూర్ణమని ఒక్క వాక్యం రాయి. పదహారుమందితో మంచి పుస్తకం అవుతుంది. నేను వచ్చే వసంతంలో రిటైరవుతున్నాను. నా సంతకం లేకుండా ఇది పరీక్షకులకు వెళ్ళదు. యాభై ఎనిమిదేళ్ళ విద్యార్థిని బాధ్యత నెత్తిన వేసుకునేవాళ్ళు ఈ భవనంలో నాకైతే కనిపించడం లేదు. నీకు కనిపిస్తున్నారా?"

కెర్తుకూ కనిపించలేదు.

మూడు వారాలు ఆ పట్టికను వంటింటి బల్ల మీదే ఉంచుకుని దాని పక్కనే రొట్టె తింది. ముందు డాక్టరునవుతాను, తరవాత ఈ ఏడుగురి గురించి విడిగా రాస్తాను, అప్పుడు నా మాటకు విలువ ఉంటుంది అనుకుంది. అలా అనుకుంటే నిద్ర బాగా పడుతుంది. నాలుగో వారం అరవై ఒకటో పేజీలో ఒక వాక్యం చేర్చింది: 'ఏడుగురి సమాచారం అసంపూర్ణంగా ఉన్నందున వారిని విశ్లేషణ నుంచి మినహాయించడమైనది.' జిల్లాలో మరెవరు రాసినా ఆ వాక్యం నమ్మేవారు కాదేమో. రాసింది కెర్తు కాబట్టి నమ్మారు.

సభ నవంబరు శనివారం మధ్యాహ్నం. ఆహ్వానాలు పదహారుమందికే వెళ్ళాయి. కాని డాక్టరేటు సభ ఎవరైనా వచ్చి కూర్చోగల సభ. జిల్లా పేపర్లో ఫొటోతో సహా వేస్తారు. సనెల్మ ఆ ఫొటో చూసి, ఆహ్వానం టపాలో పోయిందనుకుని, అమ్మ అంత్యక్రియలకు కుట్టించుకున్న నల్లబట్టలు వేసుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. తలుపు దగ్గర దొంతర పెట్టిన పుస్తకాల్లో ఒకటి తీసుకుని వెనక వరసలో కూర్చుంది.

వేదిక మీద ముగ్గురు. కెర్తు నల్ల గౌనులో నిలబడి ఉంది. అధ్యక్షుడి కుర్చీలో అహ్తి. ఎదుట వేరే నగరం నుంచి వచ్చిన ఆక్షేపకుడు, ప్రొఫెసర్ తోర్స్తి హకులినెన్. పుస్తకంలో లోపాలు పట్టడం అతడి పని. రెండున్నర గంటలు పట్టాడు. కెర్తు ఒక్క ప్రశ్నకూ తడబడలేదు. యంత్రం ఎలా సరిచూస్తారు, మాస్కులో గాలి ఎంత కారుతుంది, ఇలాంటివి అతడికే ఆమె నేర్పించింది. వెనక వరసలో సనెల్మ మాత్రం పుస్తకంలో పట్టికలే చూస్తోంది. పెద్ద చదువు లేకపోయినా అంకెలు వస్తాయి కదా. తన నంబరు తనకు తెలుసు.

తోర్స్తి లేచి నిలబడి, ఈ గ్రంథం డాక్టరేటుకు అర్హమని చదివాడు. ఇక మిగిలింది ఒక్క ఆనవాయితీ. కెర్తు సభవైపు తిరిగి కంఠతా పట్టిన మాటలు చెప్పింది.

"నా గ్రంథంపై ఆక్షేపణ ఉన్న గౌరవనీయులైన సభికులెవరైనా ఉంటే, అధ్యక్షులవారి అనుమతితో మాట్లాడవలసిందిగా కోరుతున్నాను."

ఆ మాట చెప్పడం ఎంత ఆనవాయితీయో, ఎవరూ లేవకపోవడమూ అంతే ఆనవాయితీ. అప్పటికే జనం కోట్లు సర్దుకుంటున్నారు. బయట కాఫీ, రొయ్యలు పేర్చిన రొట్టె కేకు సిద్ధంగా ఉన్నాయి. వెనకనుంచి కర్ర చప్పుడైంది.

"నాకొకటి అడగాలని ఉంది. నేను చదువుకున్నదాన్ని కాదు, స్కూల్లో సూపు వండుతాను." సనెల్మ పుస్తకం ఎత్తి పట్టుకుంది. "ఇందులో ఎనిమిదో నంబరు ఉంది, పదో నంబరు ఉంది. తొమ్మిది నేను. నేనెక్కడ?"

అహ్తి ముందుకు వంగాడు. "వ్యక్తిగత వైద్య వివరాలు ఇక్కడ చర్చించడం..."

"నా తుంటి సంగతి నేను చెప్పుకుంటే నీకెందుకయ్యా సిగ్గు? నేను కెర్తును అడిగాను."

తోర్స్తి కలం మూత తీశాడు. కెర్తు మొహంలోకి చూస్తూ ఎదురుచూశాడు. ఒక్క మాట చాలు. వాళ్ళ అంకెలన్నీ నా దగ్గర ఉన్నాయి అని ఒక్క మాట ఆమె నోట వచ్చుంటే అతడు తన నివేదికలో రాసుకునేవాడు. ఫ్యాకల్టీ సభ దాన్ని చదవక తప్పేది కాదు. డాక్టరేటు ఆగేది, బహుశా ఎప్పటికీ. కెర్తు నీళ్ళ గ్లాసు వైపు చూసింది. ముందు వరసలో అక్క కూతురు ఎల్వీర మెరిసే కళ్ళతో కూర్చుని ఉంది.

"అరవై ఒకటో పేజీలో చెప్పాను," అంది. "ఏడుగురి సమాచారం అసంపూర్ణంగా ఉన్నందువల్ల..."

"అసంపూర్ణమా? మా ఇంట్లో కూర్చుని మూడు గంటలు రాసుకున్నావు కదే! ఏం మిగిలిపోయింది? చెప్పు, ఇప్పుడే ఇస్తాను."

ఎవరో నవ్వారు. ఎందుకు నవ్వారో వాళ్ళకే తెలియాలి.

"ప్రశ్నకు సమాధానం వచ్చింది," అన్నాడు అహ్తి నెమ్మదిగా. "ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే సభ ముగిసింది."

తోర్స్తి కలం మూత పెట్టాడు. సనెల్మ కాఫీకి ఆగలేదు. తీసుకున్న పుస్తకాన్ని తిరిగి దొంతర మీద పెట్టి, అంచులు కలిసేలా సర్ది వెళ్ళిపోయింది.

సాయంత్రం సరస్సు ఒడ్డున హోటల్లో కరోంక. ముప్ఫైమంది. కెర్తు ఎన్నేళ్ళుగానో కలగన్న బల్ల, తెల్ల గుడ్డ, చేప, వైను. విందు నడిపే పని ఎల్వీరది. పిన్ని ఎవరెవరి పేర్లు చెబుతుందో వరసగా రాసుకుని, ఒక్కొక్కరినీ బదులుకు పిలవాలి. కెర్తు లేచి మొదట తోర్స్తికి, తరవాత అహ్తికి కృతజ్ఞతలు చెప్పింది. కాగితం అక్కడ మడిచేసింది.

"ఇంకో ఏడుగురికి చెప్పాలి," అని ఏడు పేర్లూ పైకి చదివింది, మొదట సనెల్మ పీరొనెన్ అంటూ. "వీళ్ళ సమాచారం సంపూర్ణంగా ఉంది. ఒక్క అంకె తక్కువ లేదు. వాళ్ళను పుస్తకంలోంచి తీసేసింది నేను. తీసెయ్యమన్నది అహ్తి. వాళ్ళ ఎముకలు తిన్నది ఆ శిక్షణ. తూకం చదివిందీ నేనే."

ముప్ఫై ఫోర్కులు ఆగాయి. చాలా ధైర్యంగానే చెప్పింది, కాదనడానికి లేదు. మధ్యాహ్నం మూడింటికి, రాసుకునేవాడు కలం పట్టుకుని కూర్చున్నప్పుడు రాని ధైర్యం, సాయంత్రం ఏడింటికి చేప తిన్నాక వచ్చింది.

వరస ప్రకారం ముందు తోర్స్తి లేచాడు. చాలాసేపు బల్లగుడ్డ మీది ముడత సాపు చేశాడు. "మీరు ఆ మాట సభలో చెబుతారేమోనని కలం తీశాను," అన్నాడు. "ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఫోర్కు. దీంతో రాయలేను." కూర్చున్నాడు.

తరవాత అహ్తి. వారం ముందే రాసుకున్న కాగితం జేబులోంచి తీసి, ఏమీ విననట్టే చదివాడు. "ముప్ఫై అయిదేళ్ళలో కెర్తు మాకు ఒక్క అంకె కూడా పోగొట్టలేదు..." చివర గ్లాసెత్తాడు. అందరూ ఎత్తారు. చప్పట్లు కొట్టారు. వైను ఎక్కువైందిలే పాపం, ఈ వయసులో ఇంత శ్రమ, అని పక్కవాళ్ళు గుసగుసలాడుకున్నారు.

ఎల్వీరకు ఏమీ అర్థం కాలేదు. తన చేతిలో వరస ఉంది, వరస ప్రకారం పిలవాలి. లేచి గొంతు సవరించుకుంది.

"సనెల్మ పీరొనెన్ గారు."

ఎవరూ లేవలేదు. మర్యాదకు కొంచెంసేపు ఆగింది. రెండో పేరు పిలిచింది. ఆగింది. మూడో పేరు. కెర్తు చెయ్యి ఊపింది, చాలు చాలని. పిల్ల తలొంచుకుని కాగితమే చూస్తోంది. ఏడు పేర్లూ పిలిచి, ఏడుసార్లూ ఆగి, "సరే అయితే, ఇక ఐస్‌క్రీము," అంది.

రెండు వారాలకు ఫ్యాకల్టీ సభ డాక్టరేటు ఖాయం చేసింది. తోర్స్తి నివేదికలో కొలతల కచ్చితత్వం గురించి ప్రత్యేకంగా మెచ్చుకోలు ఉంది. కెర్తు ఏడు వరసల సవరణ కాగితం తయారుచేసి ఆఫీసుకు పట్టుకెళ్ళింది, అన్ని ప్రతుల్లోనూ అంటించమని. అక్కడి అమ్మాయి మర్యాదగా చదివింది.

"ఇది అచ్చు తప్పులకు మాత్రమే డాక్టర్ వౌహ్కొనెన్. ఇక్కడ తప్పు పడ్డది అచ్చు కాదు కదండీ. సభలో ఎవరైనా ఆక్షేపించి, మీరు ఒప్పుకుని ఉంటే కాగితాల్లో ఉండేది. కాగితాల్లో లేదు."

డాక్టర్ వౌహ్కొనెన్ అని మొట్టమొదట పిలిచింది ఆ అమ్మాయే.

డిసెంబరులో ఒక ఆదివారం కెర్తు తన దగ్గరున్న ప్రతిలో అరవై ఒకటో పేజీ పక్కన ఆ కాగితం జిగురుతో అంటించి, పాత కారులో సనెల్మ ఇంటికి వెళ్ళింది. సనెల్మ తలుపు తీసింది. లోపలికి రమ్మంది. కూర్చోమంది. పుస్తకం అందుకుని, ఆ పేజీ తీసి, కిటికీ దగ్గరకెళ్ళి వెలుతుర్లో చదివింది. తన నంబరు పక్కన అంకెలున్నాయి. ఆవముద్ద సంగతి కూడా ఒక వాక్యం ఉంది.

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?"

"ఇదొక్కటే."

"లైబ్రరీలో ఉన్నదాంట్లో?"

"లేదు."

సనెల్మ పుస్తకం మూసింది. "రక్తం తీసేటప్పుడు మొదటి చుక్క తుడిచేసి రెండోది పట్టేదానివి. సూది గుచ్చినందుకు ఏడవకుండా నేను నీ చేతినే చూసేదాన్ని, ఎంత శ్రద్ధో అని. మాటకు అలా కుదరదు కెర్తూ. అంతమంది ముందు నువ్వు చెప్పిన మొదటిదే వాళ్ళు పట్టుకున్నారు."

కెర్తు కోటు విప్పకుండానే కూర్చుంది. పొయ్యి వెచ్చగానే ఉంది. దాని పక్కన కాఫీ గిన్నె బోర్లించి ఉంది. కాఫీ పొడి డబ్బా అరలో మూత పెట్టే ఉంది. గోడ గడియారం పావుగంట తిరిగింది. సనెల్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది, పొయ్యి వైపు కదల్లేదు.

కెర్తు లేచింది. సనెల్మ కర్ర అందుకుని గుమ్మందాకా వచ్చింది.

"మెట్ల మీద మంచుకు ఇసుక చల్లలేదింకా, జారుతుంది. చూసుకుని దిగు, డాక్టరమ్మా."